ముఖం, చేతుల మీద తెగిన గాయాలు: మొదటి గంట నుంచి మచ్చ సద్దుమణిగే దాకా ఏం చేయాలి

బైకు జారి చెంప దోక్కుపోయింది, గాజు తలుపు తగిలి నుదురు చిట్లింది, కత్తిపీట మీద వేలు తెగింది. ఇలాంటప్పుడు అందరూ అడిగేది ఒకటే: మచ్చ పడకుండా ఏం చేయాలి? చర్మం లోతుగా తెగితే మచ్చ పడక మానదు. అది సన్నని గీతలా మిగులుతుందా, ఉబ్బి దురద పెడుతుందా అన్నది మాత్రం చాలావరకు జాగ్రత్తను బట్టి ఉంటుంది.

కుట్లు ఎంత బాగా వేశారన్నది ముఖ్యమే. కానీ కుట్టుకు ముందు గాయాన్ని ఎంత శుభ్రంగా కడిగారు, కుట్లు తీశాక నెలల తరబడి మచ్చను ఎలా చూసుకున్నారు అన్న రెండూ అంతే ముఖ్యం. మన ఇళ్లలో ఎక్కువగా జారవిడిచేది ఈ రెండింటినే. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ రాస్తున్నాం.

## 1. ముందు రక్తం ఆపండి

శుభ్రమైన గుడ్డను నాలుగు మడతలు పెట్టి గాయం మీద అరచేత్తో గట్టిగా నొక్కండి. గడియారం చూసి పూర్తిగా 10 నిమిషాలు అలాగే ఉంచాలి. ఆగిందో లేదోనని మధ్యలో ఎత్తి చూస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఊడిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకొకటి వేసి నొక్కండి.

తల, ముఖం గాయాలు చిన్నవైనా రక్తం ధారగా కారుతుంది. అక్కడ రక్తనాళాలు ఎక్కువ కాబట్టి అలా ఉంటుంది, కంగారుపడకండి. చెయ్యి తెగితే గుండె కంటే ఎత్తులో పట్టుకోండి. వేలికి రబ్బరు బ్యాండు, దారం బిగించి కట్టొద్దు. అది మరిచిపోతే వేలే పోతుంది. లోతుగా గుచ్చుకున్న గాజు పెంకు, చువ్వ లాంటివి ఇంట్లో లాగకండి. వాటికి అటూ ఇటూ నొక్కి పట్టి ఆసుపత్రికి వెళ్లండి.

ముఖం మీది గాటు చూసే హడావిడిలో లోపలి దెబ్బ మరుగున పడిపోతుంది. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి:

- కాసేపైనా స్పృహ తప్పడం, వాంతులు, మగతగా ఉండడం
- ముక్కులోంచి, చెవిలోంచి నీళ్లలాంటి ద్రవం కారడం
- ఒకటి రెండుగా కనిపించడం, చూపు తగ్గడం
- నోరు మూస్తే పళ్లు మునుపటిలా కలవకపోవడం (దవడ విరిగి ఉండొచ్చు)
- మెడ నొప్పి, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి. ఇలా ఉంటే మనిషిని కదపకండి

వేలు తెగి విడిపోతే: ఆ ముక్కను శుభ్రమైన నీటితో తేలిగ్గా కడిగి, సెలైన్‌తో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టండి. దాన్ని పాలిథీన్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూతి కట్టండి. ఆ సంచిని ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన ఇంకో సంచిలో ఉంచండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, తిరిగి అతికించడం కుదరదు. చల్లగా భద్రపరిచిన వేలిని చాలా గంటల తర్వాత కూడా అతికించే వీలుంది. మోచేయి దాకా చెయ్యి తెగితే అందులో కండ ఎక్కువ కాబట్టి 6 గంటలు దాటితే ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. వెళ్లే ముందు ఆ ఆసుపత్రిలో మైక్రోసర్జరీ (సూక్ష్మదర్శినితో చూస్తూ సన్నని రక్తనాళాలు, నరాలు కలిపే ఆపరేషన్) చేస్తారో లేదో ఫోన్లో కనుక్కోండి. తిప్పి పంపితే పోయే సమయం తిరిగి రాదు.

## 2. కడగడం: దీనికి కేటాయించే పది నిమిషాలే మచ్చ రూపాన్ని మారుస్తాయి

రక్తం తగ్గాక కుళాయి కింద, తాగే నీళ్లతో 5 నుంచి 10 నిమిషాలు ధారగా కడగండి. కుళాయి లేకపోతే నీళ్ల సీసా మూతకు చిన్న చిల్లు పెట్టి సీసాను నొక్కితే ఆ ధారకు మట్టి కొట్టుకుపోతుంది. గాయం చుట్టూ సబ్బు వాడండి. కుక్క, పిల్లి, కోతి కరిచిన గాయమైతే తప్ప లోపలికి సబ్బు అక్కర్లేదు.

రోడ్డు మీద రాసుకుపోయిన గాయాల్లో తారు, ఇసుక, బొగ్గు నలకలు చర్మంలో దిగబడతాయి. అలాగే వదిలేస్తే పైన చర్మం కప్పుకుని, నలకలు నీలి చుక్కల్లా జీవితాంతం ఉండిపోతాయి, పచ్చబొట్టు పొడిచినట్టే. ఆ తర్వాత లేజర్‌తోనో కోసి తీసేయడంతోనో తప్ప పోవు. మొదటి 24 గంటల్లో అయితే డాక్టరు మత్తిచ్చి మెత్తని బ్రష్‌తో రుద్ది తీసేయగలరు. ఇంట్లో మీకు నల్ల చుక్కలు కనబడుతున్నాయంటే కడగడం పూర్తికాలేదనే అర్థం. అలాంటప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

గాయంలో పెట్టకూడనివి, ఎందుకు పెట్టకూడదు:

- పసుపు, కాఫీ పొడి, సున్నం, పంచదార, ఆకు పసరు, ఇంకు, టూత్‌పేస్టు. రక్తం ఆగినట్టు కనిపిస్తుంది. కానీ ఆ పొడి గాయం అంచుల్లో ఇరుక్కుని సూక్ష్మక్రిములకు నెలవవుతుంది. డాక్టరు దాన్ని గీకి తీయాల్సి వస్తుంది, దాంతో పాటు మంచి చర్మం కూడా పోతుంది. పైగా ఆ రంగులో ఏది బతికిన చర్మమో, ఏది చచ్చిందో తేల్చడం కష్టం.
- స్పిరిట్, నీళ్లు కలపని డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇవి క్రిములతో పాటు గాయాన్ని మాన్పే కణాలనూ చంపుతాయి. మంట పుట్టిందంటే మందు పనిచేస్తోందని కాదు.
- దూది. పోగులు అంటుకుపోతాయి. గాజుగుడ్డ వాడండి.

కడిగాక తడి గాజుగుడ్డ వేసి, వదులుగా కట్టు కట్టి బయల్దేరండి.

కరిచిన గాయమైతే: సబ్బు నీళ్లతో గడియారం పెట్టుకుని 15 నిమిషాలు కడగాలి. రక్తం వచ్చేలా కరిస్తే రేబిస్ టీకాతో పాటు, గాయం లోపలా చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా పడాలి. చాలామంది టీకా వేయించుకుని ఇది వదిలేస్తారు. టీకా పనిచేయడానికి రోజులు పడుతుంది, ఈలోగా కాపాడేది ఇమ్యునోగ్లోబులినే. కండకు ఇచ్చే టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కాటు గాయాన్ని వెంటనే బిగించి కుట్టరు. ముఖం మీద అయితే ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చాక, అంచులు దగ్గరికి వచ్చేలా వదులుగా రెండు మూడు కుట్లు వేస్తారు.

## 3. ఏ గాయానికి ప్లాస్టిక్ సర్జన్ కావాలి?

ప్రతి గాటుకూ అక్కర్లేదు. సెంటీమీటరు లోపు ఉండి, అంచులు విడిపోకుండా, కీలు మీద కాకుండా, రక్తం ఆగిపోయిన గాయానికి శుభ్రం చేసి అంటించే టేపు చాలు. మిగతా చాలా గాయాలను జనరల్ సర్జన్ చక్కగా కుట్టగలరు. కింది చోట్ల మాత్రం పట్టుబట్టి ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి.

పెదవి అంచు. పెదవి ఎరుపూ చర్మమూ కలిసే గీత ఒక్క మిల్లీమీటరు తప్పినా ఎదుటి మనిషికి తెలిసిపోతుంది. మొదటి కుట్టు సరిగ్గా ఆ గీత మీదే పడాలి. మత్తు మందు ఎక్కిస్తే పెదవి ఉబ్బి గీత చెదురుతుంది కాబట్టి ముందే దాన్ని పెన్నుతో గుర్తు పెట్టాలి.

కనురెప్ప, కంటి లోపలి మూల. ముక్కు వైపు మూలలో కన్నీళ్లు పోయే సన్నని గొట్టం ఉంటుంది. అది తెగింది గమనించకుండా పై చర్మం కుట్టేస్తే ఎప్పుడూ కన్ను కారుతూనే ఉంటుంది. దీనికి కంటి డాక్టరు కూడా కావాలి.

కనుబొమ్మ. వెంట్రుకలు గొరగనివ్వకండి. అంచులు కలపడానికి ఆ వెంట్రుకల వరుసే ఆధారం. పైగా అవి మళ్లీ సరిగా పెరుగుతాయన్న భరోసా లేదు.

చెంప. చెవి ముందున్న చిన్న బొడిపె నుంచి పై పెదవి మధ్య దాకా ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మధ్య భాగంలో లాలాజలాన్ని నోట్లోకి తెచ్చే నాళం వెళ్తుంది. దాని చుట్టుపక్కలే ముఖాన్ని కదిలించే నరం కొమ్మలుంటాయి. లోతైన గాటయితే అద్దం ముందు ఇలా చూసుకోండి: కనుబొమ్మలు పైకెత్తండి, కళ్లు గట్టిగా మూయండి, పళ్లు కనబడేలా నవ్వండి, బుగ్గలు పూరించండి. ఒక వైపు వెనకబడితే నరం తెగి ఉండొచ్చు. తెగిన నరం కొసను కరెంటు పరికరంతో కదిలించి గుర్తుపట్టే వీలు 72 గంటల దాకే ఉంటుంది. ఆ తర్వాత వెతకడం చాలా కష్టం.

చెవి, ముక్కు. దెబ్బకు చెవి డొప్ప ఉబ్బి మెత్తగా తగిలితే లోపల రక్తం చేరిందన్నమాట. రోజులోపే తీయించి, మళ్లీ చేరకుండా ఒత్తిడి కట్టు కట్టించాలి. లేకపోతే లోపలి మృదులాస్థి చచ్చి చెవి ముడుచుకుపోతుంది. ముక్కు రంధ్రాల మధ్య గోడ ఉబ్బినా ఇదే తొందర అవసరం.

చెయ్యి. గాటు ఎంత చిన్నదైనా, కత్తి మొనో గాజు పెంకో అరచేతిలో దిగితే అనుమానించండి. ఒక్కో వేలును ఒక్కో కీలు దగ్గర విడివిడిగా మడిచి చూడండి. వేలి కొనకు రెండు పక్కలా స్పర్శ తెలుస్తోందా చూడండి. ఇవన్నీ మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే చూడాలి, ఇచ్చాక చూస్తే అర్థం లేదు.

చర్మం ఊడిపోయిన, పొరలా లేచిపోయిన గాయాలు. లేచిన పొర నల్లబడుతున్నా, కండరం బయటికి కనబడుతున్నా చర్మం అతకడం లాంటివి కావాలి.

### ఎంతసేపట్లో?

ముఖానికి రక్త ప్రసారం బాగుంటుంది కాబట్టి 24 గంటల దాకా కూడా శుభ్రం చేసి కుట్టవచ్చు. అంటే అర్ధరాత్రి దగ్గర్లో ఎవరు దొరికితే వాళ్లతో మందపాటి దారంతో కుట్టించుకునే కంటే, రక్తం ఆపి, కడిగి, తడి కట్టుతో మూడు గంటలు ప్రయాణం చేసి సరైన చోటికి వెళ్లడమే మేలు. కాళ్లూ చేతుల గాయాలను మామూలుగా 6 నుంచి 12 గంటల్లోపు కుట్టేస్తారు. ఆలస్యమైతే మానేయకండి. శుభ్రం చేసి కట్టు కట్టి, చీము పట్టలేదని తేలాక 3 నుంచి 5 రోజులకు కుట్టే పద్ధతి ఉంది.

హైదరాబాద్ ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వాహన ప్రమాదమైతే 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది. గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా వర్తిస్తుంది. చేరేటప్పుడే అడగండి.

## 4. కుట్లు వేసే ముందు డాక్టరును అడగాల్సినవి

టీటీ (ధనుర్వాతం టీకా) కావాలా? దెబ్బ తగిలిన ప్రతిసారీ వేయించుకునే అలవాటు మనకుంది. చిన్నప్పటి టీకాలన్నీ పడిన వాళ్లకు, శుభ్రమైన గాటుకు ఆఖరి డోసు పడి 10 ఏళ్లు దాటితేనే, మట్టి గాయానికి 5 ఏళ్లు దాటితేనే బూస్టర్ అవసరం. ఇప్పుడు టీటీకి బదులు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రెండింటికీ కలిపిన టీకా) ఇస్తున్నారు. టీకాలు పడ్డాయో లేదో తెలియని మనిషికి మట్టి గాయమైతే, టీడీతో పాటు టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్ 250 యూనిట్లు కూడా ఇవ్వాలి.

ఎక్స్‌రే తీశారా? గాజుతో తెగితే అడగండి. గాజు ముక్కలు చాలావరకు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. చెక్క పేళ్లు కనిపించవు, వాటికి అల్ట్రాసౌండ్ కావాలి.

లోపలి పొర కూడా కుడతారా? ఇది అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న. లోతైన గాయంలో కరిగిపోయే దారంతో లోపలి పొరను ముందు దగ్గరికి లాగాలి. లాగుడంతా అదే భరిస్తుంది. అప్పుడు పైన వేసే కుట్టు కేవలం అంచులు కలపడానికే. ముఖానికి పైన 5-0 లేదా 6-0 నైలాన్, పాలీప్రొపిలీన్ దారం వాడతారు. ఆ సున్నా ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. లోపల కుట్టకుండా పై కుట్లే బిగించి లాగితే మచ్చ వెడల్పవుతుంది, కుట్టు పడిన చోట్ల అడ్డగీతలు మిగిలిపోతాయి.

జిగురుతో అతికించవచ్చా? నేరుగా, శుభ్రంగా, లాగుడు లేకుండా తెగిన చిన్న గాటుకు బాగుంటుంది, పిల్లలకు ముఖ్యంగా. కీళ్ల మీద, కాటు గాయాలకు, పెదవి మీద పనికిరాదు. అతికించిన చోట నూనె, వాజిలీన్ రాయకండి, జిగురు ముందే ఊడుతుంది.

యాంటీబయోటిక్ ఎందుకు? శుభ్రమైన ముఖం గాటుకు చాలాసార్లు అక్కర్లేదు. కాటు గాయాలకు, మట్టి బాగా చేరిన వాటికి, షుగరు ఉన్నవాళ్లకు అవసరం పడొచ్చు.

ప్రమాదం, కొట్లాట అయితే ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేసే కేసు) నమోదవుతుంది. గాయం ఫొటో, కుట్ల సంఖ్య, వాడిన దారం పేరు రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. ఏడాది తర్వాత మచ్చ సరిచేయడానికి వెళ్లినప్పుడు ఇవి పనికొస్తాయి.

## 5. కుట్లు ఉన్నన్నాళ్లు ఇంట్లో

మొదటి 24 నుంచి 48 గంటలు కట్టు తడవకుండా చూడండి. ముఖం గాయమైతే రెండు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టి పడుకోండి. ఐసును గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టి తీస్తుంటే వాపు తగ్గుతుంది.

ఆ తర్వాత, డాక్టరు వద్దని చెప్పకపోతే, రోజుకు రెండుసార్లు:

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. తక్కువ ఘాటు సబ్బు నురగతో గాయం మీద మెత్తగా తుడిచి, నీళ్లు పోయండి.
3. శుభ్రమైన గుడ్డతో అద్దండి, రుద్దొద్దు.
4. పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. కుట్ల చుట్టూ ఎండిన రక్తం మిగలకూడదు.
5. దుమ్ములోకి వెళ్తే మాత్రం అంటుకోని డ్రెస్సింగ్ వేయండి.

"తడి తగిలితే చీము పడుతుంది, ఆరబెట్టి పక్కు కట్టనివ్వాలి" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నానిపోయేంత తడి చెడ్డదే. కానీ ఎండి పక్కు కట్టిన గాయంలో కొత్త చర్మం ఆ పక్కు కిందుగా దారి చేసుకుంటూ పాకాలి. దాంతో ఆలస్యం, మచ్చ లోతు రెండూ పెరుగుతాయి. జెల్లీ పూసిన పల్చని తేమలో చర్మం త్వరగా కప్పుకుంటుంది. దోక్కుపోయిన గాయాలకు మరీ ముఖ్యం. యాంటీబయోటిక్ పొడి చల్లడమూ ఇదే కారణంతో వద్దు. అది స్రావంతో కలిసి పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు కిందే చీము దాక్కుంటుంది.

కట్టు అంటుకుపోతే లాగకండి. సెలైన్‌తో పది నిమిషాలు నానబెడితే అదే వదులుతుంది.

### పత్యం పేరుతో కడుపు మాడ్చకండి

పప్పు, గుడ్డు, మాంసం, వంకాయ తింటే చీము పడుతుందని మాన్పించేస్తారు. పాతికేళ్ల కుర్రాడైనా, డెబ్బై ఏళ్ల అమ్మమ్మ అయినా పది రోజులు చారన్నం మీద ఉంచుతారు. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి కావాల్సిన కొల్లాజెన్ (చర్మానికి బలాన్నిచ్చే పోగులు) తయారయ్యేదే మాంసకృత్తులతో. పెద్ద గాయమైతే ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల వండిన కోడిమాంసంలో 25 పైనే ఉంటాయి. శాకాహారులు పప్పు, పెరుగు, శనగలు, పనీర్ పెంచాలి. జామకాయ, ఉసిరి, నిమ్మ రోజూ తినండి, సి విటమిన్ లేనిదే కొల్లాజెన్ గట్టిపడదు. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తినాలో డాక్టరునడగండి.

సిగరెట్, బీడీ, ఖైనీ కనీసం నాలుగు వారాలు ఆపాలి. నికోటిన్ చర్మానికి రక్తం తెచ్చే సన్నని నాళాలను ముడిచేస్తుంది. పొరలా లేచిన చర్మాన్ని తిరిగి కుట్టినా, చర్మం అతికినా ఒక్క సిగరెట్ కూడా వద్దు. షుగరు ఉన్నవాళ్లు రోజూ పరీక్ష చేసుకోండి.

ఇది మామూలే: కుట్ల వెంట రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రని అంచు, మొదటి రెండు రోజులు పల్చని పసుపు నీరు, దురద.

ఇది మామూలు కాదు, అదే రోజు చూపించండి: మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరగడం, పాకుతున్న ఎరుపు, ఎర్రని చారలు, వాసన వచ్చే చీము, జ్వరం. చేతి కట్టు కింద వేళ్లు నీలంగా, మొద్దుగా అయినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా గంట కూడా ఆగొద్దు.

## 6. కుట్లు ఎప్పుడు తీయించాలి?

| చోటు | రోజులు |
|---|---|
| కనురెప్ప | 3–5 |
| ముఖం | 5 (లాగుడు ఉంటే 7) |
| తల | 7–10 |
| ఛాతీ, కడుపు, చేతులు | 7–10 |
| అరచేయి, అరికాలు | 10–14 |
| కాళ్లు | 10–14 |
| మోకాలు, మోచేయి మీద | 14 |

ముఖం కుట్లను "ఇంకా గట్టిపడనీ" అని పది రోజులు ఉంచితే దారం వెంట చర్మం లోపలికి పెరిగి, మెట్ల లాంటి గుర్తులు మిగిలిపోతాయి. అవి తర్వాత ఏ పూతకూ పోవు. ఆదివారమనో పెళ్లి ఉందనో వాయిదా వేయకండి.

తీసిన రోజున గాయం మానినట్టే కనిపిస్తుంది గానీ బలం ఉండదు. మూడు వారాలకు మామూలు చర్మం బలంలో ఐదో వంతు మాత్రమే వస్తుంది. మూడు నెలలకు 80 శాతం దాకా పెరుగుతుంది, నూరు శాతం ఎప్పటికీ కాదు. అందుకే తీసిన వెంటనే గాటుకు అడ్డంగా టేపు ముక్కలు వేయించుకోండి. నెల పాటు బరువులు, ఆటలు తగ్గించండి.

## 7. మచ్చ సంరక్షణ: అసలు పని ఇక్కడ మొదలవుతుంది

ముందే తెలిసి ఉంటే భయం ఉండదు: కుట్లు తీసిన రోజున సన్నగా ఉన్న గీత, 4 నుంచి 12 వారాల మధ్య ఎర్రబడి, గట్టిపడి, దురద పెడుతుంది. డాక్టరు చెడగొట్టారని అప్పుడే మరో క్లినిక్‌కు పరిగెత్తుతారు. ఇది మచ్చ స్వభావం. 12 నుంచి 18 నెలల్లో మెత్తబడి, పాలిపోతుంది. ఈ మధ్యకాలాన్ని నాలుగు పనులతో దాటించాలి.

టేపు. కుట్లు తీసిన నాటి నుంచి 12 వారాలు. చర్మం రంగు పేపర్ టేపును మచ్చ పొడవునా అంటించండి. స్నానం చేసినా ఫర్వాలేదు, దానంతట అది ఊడాక కొత్తది వేయండి. రోజూ పీకితే చర్మం దోక్కుపోతుంది. మచ్చ వెడల్పు కాకుండా లాగుడును ఇది పట్టి ఉంచుతుంది. ఇంత చవకైన సాధనం ఇంకోటి లేదు, కానీ రాసిచ్చే డాక్టర్లే తక్కువ.

సిలికాన్. పక్కులన్నీ రాలి చర్మం పూర్తిగా మూసుకున్నాకే, సుమారు రెండు మూడు వారాలకు మొదలుపెట్టండి. పచ్చి గాయం మీద వద్దు. ముఖానికి, కీళ్లకు జెల్ బాగుంటుంది: రోజుకు రెండుసార్లు, మచ్చ మీద మెరిసేంత పల్చగా రాసి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. అంటుకుంటోందంటే ఎక్కువ రాశారన్నమాట. ఛాతీ, భుజం, చేతులకు షీటు మేలు: మొదటి రోజు 4 గంటలు ఉంచి, క్రమంగా 12 గంటలకు పైగా పెంచండి. రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. మన ఎండాకాలంలో షీటు కింద చెమటపొక్కులు వస్తాయి. వస్తే రెండు రోజులు ఆపి, పగలు జెల్‌కు, రాత్రి షీటుకు మారండి. ఏదైనా మూడు నెలలకు తక్కువ వాడితే ఫలితం చూడలేరు. షీటు వాడే చోట పేపర్ టేపు అక్కర్లేదు.

మర్దన. ఇదీ మూడో వారం నుంచే. వాసన లేని క్రీమో కొబ్బరినూనో రాసి, వేలి కొనతో మచ్చ తెల్లబడేంత నొక్కి, నిలువుగా, అడ్డంగా, గుండ్రంగా కదపండి. 5 నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు. వేలు చర్మం మీద జారకూడదు, చర్మమే వేలితో కదలాలి. మర్దన అయ్యాక నూనె కడిగేసి సిలికాన్ వాడండి. ఎర్రబడి పొక్కితే ఒత్తిడి తగ్గించండి.

ఎండ. మన చామనఛాయ చర్మాల్లో కొత్త మచ్చ ఎండకు చాలా త్వరగా నల్లబడుతుంది, ఆ నలుపు మచ్చ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ బయటికెళ్లే పావుగంట ముందు, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి రాయాలి. సిలికాన్ జెల్ ఆరాక దాని మీదే రాయండి. టోపీ, స్కార్ఫు, గొడుగు కూడా వాడండి. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది.

చేయకూడనివి:

- దుకాణంలో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు. వీటిలో చాలావాటిలో బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లుంటాయి. చర్మం పల్చబడి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు, చారలు వస్తాయి.
- నిమ్మరసం. చర్మాన్ని కాల్చి, ఎండ తగిలితే ఇంకా నల్లబరుస్తుంది.
- విటమిన్ ఇ క్యాప్సూల్ నూనె. లాభం రుజువు కాలేదు, కొందరికి ఎలర్జీ వస్తుంది.
- నుదుటి మచ్చ మీద స్టిక్కర్ బొట్టు. ఆ జిగురుకు చర్మం నల్లబడడమో తెల్లమచ్చ పడడమో జరుగుతుంది. ఆరు నెలలు పక్కకు జరిపి పెట్టుకోండి.
- గడ్డం కింద మచ్చ ఉందని హెల్మెట్ మానేయడం. పట్టీకి మెత్తని నూలుగుడ్డ చుట్టి పెట్టుకోండి.

## 8. మచ్చ పెరుగుతూ ఉంటే

రెండు రకాలున్నాయి, వైద్యం వేరు. గాయం హద్దుల్లోనే ఉబ్బి, నెలా రెండు నెలల్లో మొదలై, తర్వాత తనంతట తాను తగ్గే వీలున్నది హైపర్‌ట్రోఫిక్ మచ్చ. గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతూ, నెలలు గడిచాక కూడా పెరిగేది కెలాయిడ్. ఛాతీ మధ్యలో, భుజాల మీద, చెవి తమ్మెకు, దవడ అంచున ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా ఉంటే మొదటి రోజునే డాక్టరుకు చెప్పండి.

మచ్చ ఉబ్బుతోందని తెలియగానే వెళ్లండి. ట్రయాంసినొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల బలంతో, 4 నుంచి 6 వారాలకోసారి మచ్చలోకే ఇస్తారు. ఒక్క ఇంజెక్షన్‌తో తేలదు, కొన్ని విడతలు పడతాయి. ఎక్కువైతే ఆ చోట గుంట పడుతుంది, చర్మం తెల్లబడుతుంది. అందుకని విడత విడతకూ ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి.

కెలాయిడ్‌ను ఊరికే కోసి తీయించుకోవద్దు. కోత ఒక్కటే చేస్తే సగానికి పైగా తిరిగి వస్తాయి, చాలాసార్లు ముందుకంటే పెద్దవిగా. కోత తర్వాత ఇంజెక్షన్లు, ఒత్తిడి క్లిప్పు, మొండి వాటికి ఒకటి రెండు రోజుల్లోపే మొదలుపెట్టే రేడియేషన్, ఇలా జతగా ఏదో ఒకటి ఉండాలి. "కోసేస్తాం, పోతుంది" అని మాత్రమే చెప్పే చోట ఆగకండి.

లేజర్ విషయంలో: ఎర్రదనానికి పల్స్‌డ్ డై అనే రకం లేజర్, గరుకుదనానికి, గుంతలకు ఫ్రాక్షనల్ సీఓటూ అనే రకం వాడతారు. మన చర్మానికి మంట తగిలిన చోట నల్లబడే గుణం ఉంది కాబట్టి ముందు చిన్న చోట పరీక్షించి, నెల ఆగి చూడమని అడగండి.

## 9. మచ్చ సరిచేసే ఆపరేషన్

మామూలుగా 12 నెలలు ఆగాలి. ఆరో నెలలో అసహ్యంగా ఉన్న మచ్చ పద్నాలుగో నెలకు ఆపరేషనే అక్కర్లేనంతగా మారిపోవచ్చు. ఆగకూడనివి కొన్ని: రెప్పను కిందికి లాగి కన్ను మూతపడనివ్వని మచ్చ (కంటి నల్లగుడ్డు ఎండి పాడవుతుంది), నోరు తెరవనివ్వనిది, వేలునో మోచేతినో ముడిచి పట్టేది.

ముఖం మీద ముడతలు పడే దిశకు అడ్డంగా పడిన మచ్చే ఎక్కువ కనబడుతుంది. దాన్ని కోసి, రెండు త్రికోణాలను ఒకదాని స్థానంలోకి ఇంకొకటి మార్చే పద్ధతిని జడ్-ప్లాస్టీ అంటారు. 60 డిగ్రీల త్రికోణాలతో లెక్క ప్రకారం 75 శాతం పొడవు పెరుగుతుంది, దిశా మారుతుంది. మచ్చ పోదు, ముడతలో కలిసి కళ్లకు తక్కువగా ఆనుతుంది. ఆపరేషన్ తర్వాత పైన ఐదో మెట్టు నుంచి అంతా మళ్లీ చేయాలి, టేపు, సిలికాన్, ఎండ జాగ్రత్తలతో సహా. దానికి సిద్ధంగా లేకపోతే ఆపరేషన్ వాయిదా వేసుకోండి.

## 10. చెవి తమ్మె చిరిగితే

బరువైన బుట్టలు, పసిపిల్లలు లాగడం, గొలుసు దొంగలు, కారణం ఏదైనా ఆ రోజే కుట్టిస్తే తేలిక. రోజులు గడిస్తే చిరిగిన రెండు అంచులకూ చర్మం కప్పేస్తుంది, ఇక టేపుతోనో జిగురుతోనో అతకవు. ఆ అంచులను పల్చగా కోసి, ఆ చోటుకే మత్తిచ్చి అరగంటలో కుడతారు. కుట్లు వారానికి తీస్తారు.

కమ్మల కోసం మళ్లీ చెవి కుట్టించుకోవడానికి మూడు నెలలు ఆగండి. పాత మచ్చ మీద కాకుండా పక్కన రంధ్రం వేయించండి, మచ్చ మీద వేస్తే అదే దారిలో మళ్లీ చిరుగుతుంది. బుట్టలు పెట్టుకునే రోజున మాటీలు తగిలించి బరువును జుట్టుకు మళ్లించండి, పడుకునే ముందు తీసేయండి. తమ్మెకు కెలాయిడ్ వచ్చిన వాళ్లు మళ్లీ చెవి కుట్టించుకోకుండా నొక్కి పెట్టే రకం కమ్మలే వాడాలి.